ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మరి నాకు ఏడుపు ఇప్పుడెందుకు మొదలైంది?

ప్రశ్న: తెల్లకాగితం

ఇక్కడి జవాబులు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నాకు 21 ఏళ్లు. ఎంఆర్‌కేహెచ్‌తో పుట్టాను. గర్భసంచి లేదు, యోని మార్గం లోపలికి ఏర్పడలేదు. 17 ఏళ్లు వచ్చినా నెలసరి మొదలుకాలేదని స్కానింగ్ చేయిస్తే తెలిసింది. 9 వారాల క్రితం ఆపరేషన్ చేసి, తొడ మీది చర్మంతో యోని మార్గం ఏర్పరిచారు. తొడ మీద గాయం మానింది, లోపల కూడా చక్కగా అతుక్కుందట. చివరిసారి వెళ్లినప్పుడు డాక్టరుగారు "చాలా బాగా వచ్చింది, ఇక నీకు ఏ లోటూ లేదు" అన్నారు. అమ్మ అక్కడే కళ్లు తుడుచుకుంది. ఇంటికి వచ్చాక నాన్న ఫోనులో అత్తయ్యతో "గండం గడిచింది" అనడం విన్నాను.

ఆ రాత్రే నాకు ఏడుపు మొదలైంది. ఇప్పటికీ ఆగడం లేదు.

ఆపరేషన్‌కు ముందు నేను ఏడవలేదు. పరీక్షలు, రిపోర్టులు, కాలేజీలో సెలవు, మత్తుమందు డాక్టరుతో మాట్లాడటం అన్నీ నేనే చూసుకున్నాను. మా ఇంట్లో అందరికంటే నిబ్బరంగా ఉన్నది నేనే. అందుకే ఇప్పుడు ఎవరికీ చెప్పలేకపోతున్నాను.

రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు ఫోనులో అలారం మోగుతుంది. ఎవరి కంటైనా పడితే అనుమానం రాకూడదని దానికి "నీళ్లు తాగాలి" అని పేరు పెట్టాను. అది మోగగానే గది గడియ పెట్టుకుని డైలేటర్ వాడాలి, 20 నిమిషాలు. కొత్త దారి కుంచించుకుపోకుండా లోపల పెట్టుకునే గొట్టం లాంటి సాధనం అది. దాన్ని పాత మేజోడులో చుట్టి పుస్తకాల వెనక దాచాను. ఆ 20 నిమిషాలూ పైకప్పు చూస్తూ పడుకుంటాను, అప్పుడే అన్నీ గుర్తొస్తాయి. పదో తరగతి నుంచి నా బ్యాగులో ప్యాడ్లు ఉంటాయి. నాకు అవసరం లేదు. కానీ లేకపోతే ఎందుకు లేవని అడుగుతారేమోనని పెట్టుకునేదాన్ని. నెలకోసారి కడుపునొప్పి అని చెప్పి ఆటల పీరియడులో పక్కన కూర్చునేదాన్ని. ఎవరి తేదీలతో నా తేదీ కలిపి చెప్పానో మరచిపోకుండా పుస్తకం చివర పేజీలో చుక్కలు పెట్టుకునేదాన్ని. మొన్న ఒక స్నేహితురాలు ప్యాడ్ అడుగుతూ "నీ దగ్గర ఎప్పుడూ ఉంటుంది కదా" అంది. ఇచ్చాను. తర్వాత బాత్రూములో నీళ్లు వదిలి ఏడ్చాను.

6 రోజులుగా డైలేటర్ ముట్టుకోలేదు. అమ్మ రోజూ "అయిందా?" అని అడుగుతుంది. అయిందంటున్నాను. ఆపేస్తే దారి కుంచించుకుపోతుందని చెప్పే పంపారు. భయంగా ఉంది, అయినా చెయ్యి రావడం లేదు.

అంతా బాగా జరిగాక ఇలా కావడం మామూలేనా? సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే ఏమని మొదలుపెట్టాలి? ఏ లోటూ లేదన్న మాట విన్నప్పటి నుంచే ఏదో పోగొట్టుకున్నట్టు ఎందుకుంది? దయచేసి "ధైర్యంగా ఉండు" అని మాత్రం రాయకండి. నాలుగేళ్లుగా ఆ మాట వింటూనే ఉన్నాను.

జవాబు 1: నది ఒడ్డు

చెల్లీ, నాకు 36 ఏళ్లు. ఇదే ఆపరేషన్ నాకు 22వ ఏట జరిగింది. తొడ మీద ఆ పలక లాంటి మచ్చ నాకూ ఉంది. అందుకే చనువుగా "నువ్వు" అంటున్నాను.

ముందు డైలేటర్ సంగతి, ఎందుకంటే అది ఆగేది కాదు. రేపు ఉదయం నీకు ఆపరేషన్ చేసిన విభాగానికి ఫోను చెయ్యి. "6 రోజులు ఆపేశాను, ఎలా మొదలుపెట్టాలి?" అని ఆ ఒక్క వాక్యం చెప్పు. కారణాలు చెప్పుకోనక్కరలేదు. వాళ్లకు ఇది కొత్త కాదు. నేను 11 రోజులు ఆపాను. తిట్టిపోస్తారనుకుంటూ వెళ్లాను. అక్కడి నర్సు ఏమీ అనకుండా చిన్న సైజు చేతికిచ్చి, దానితో మొదలుపెట్టి మెల్లగా పాత సైజుకు రమ్మంది. నాకు మూడు వారాలు పట్టింది. చర్మం అతికించిన ఆపరేషన్ తర్వాత తొలి నెలల్లో లోపలి దారి కుంచించుకుపోయే గుణం ఎక్కువ, అందుకే వాయిదా వేయవద్దంటున్నాను. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: భయంతో ఈ రాత్రే పాత సైజును బలవంతంగా పెట్టుకోకు. ఏడుస్తున్నప్పుడు, భయపడుతున్నప్పుడు కటి కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయి. అప్పుడు తోస్తే నొప్పి, ఆ నొప్పికి మరుసటి రోజు ఇంకా భయం. రక్తం వచ్చినా, నొప్పి తగ్గకపోయినా ఇంట్లో సర్దుకోకుండా వెళ్లి చూపించుకో.

ఇక నీ అసలు ప్రశ్న. ఆపరేషన్‌కు ముందు మనకు "అది అయ్యాక" అనే మాట ఒకటి ఉంటుంది. అది అయ్యాక అందరిలా ఉంటాను, అది అయ్యాక ఆలోచిస్తాను, అది అయ్యాక ఏడుస్తాను. నువ్వు నాలుగేళ్లు ఆ మాట పట్టుకుని నడిచావు. అది అయిపోయింది. అయ్యాక చూస్తే గర్భసంచి లేకపోవడం అలాగే ఉంది, నెలసరి రాకపోవడం అలాగే ఉంది, బ్యాగులో ప్యాడ్లు అలాగే ఉన్నాయి. ఆపరేషన్ ఒక దారిని ఏర్పరిచింది. నీ దుఃఖంలో ఎక్కువ భాగం ఆ దారి గురించి కానే కాదు. డాక్టరుగారు తన పని వరకు చూసి, మంచి మనసుతోనే ఆ మాట అని ఉంటారు. కానీ "ఏ లోటూ లేదు" అనేసరికి, ఇక దీని గురించి బాధపడే వీలు కూడా లేదని నీకు వినిపించింది. నాకూ అలాగే వినిపించింది.

నా విషయంలో మూడు నెలలకు బయటపడింది. మా వదిన గర్భవతి అని ఫోను వచ్చింది. నేను సంతోషంగానే మాట్లాడాను, నిజంగానే సంతోషపడ్డాను. ఫోను పెట్టేశాక మంచం మీద నుంచి రెండు రోజులు లేవలేదు. జ్వరమనుకున్నారు. నేనూ జ్వరమనే అనుకున్నాను, థర్మామీటరులో ఏమీ లేదు.

సైకాలజిస్టును మొదటిసారి కలిసినప్పుడు "నేను బాగానే ఉన్నాను, అమ్మ పంపింది" అన్నాను. ముప్పావు గంట చదువు గురించి మాట్లాడుకున్నాం. రెండోసారి ఆమె "మీ పరిస్థితికి పేరేమిటి?" అని అడిగారు. గడగడా చెప్పాను: మేయర్ 1829లో, రొకిటాన్‌స్కీ 1838లో, క్యూస్టర్ 1910లో, హౌజర్ 1961లో వర్ణించారు, నలుగురి పేర్లూ కలిపి ఎంఆర్‌కేహెచ్. దొరికినవన్నీ చదివేసి ఉన్నాను మరి. ఆమె అంతా విని, "ఇవి డాక్టర్ల పేర్లు. మీరు మీ మాటల్లో ఏమంటారు?" అన్నారు. నా దగ్గర మాట లేదు. మా ఇంట్లో దాన్ని "ఆ విషయం" అనేవారు. అమ్మ "ఆ విషయం", నాన్న "ఆ సంగతి". నేను కూడా నా శరీరాన్ని "అది" అనే అనుకునేదాన్ని.

ఆ వారం ఇంట్లో కూర్చుని మూడు వాక్యాలు రాశాను. "నేను గర్భసంచి లేకుండా పుట్టాను. నా అండాశయాలు చక్కగా పని చేస్తాయి. ఇది నేను చేసింది కాదు, మా అమ్మ చేసింది కాదు." మూడోది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. అమ్మ నన్ను కడుపుతో ఉన్నప్పుడు ఏదో మాత్ర వేసుకుందట, దానివల్లే ఇలా అయిందని ఏళ్ల తరబడి లోలోపల కుమిలిపోయింది. గర్భంలో తొలి కొన్ని వారాల్లోనే గర్భసంచిగా మారవలసిన రెండు గొట్టాలు పూర్తిగా ఎదగకపోవడం వల్ల ఇది జరుగుతుంది. ఫలానా పని వల్ల జరిగిందని వేలెత్తి చూపగల కారణం చాలామందిలో దొరకదు. ఈ మాట డాక్టరు నాకు చెప్పారు, అమ్మకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను, 24 ఏళ్ల వయసులో.

నాకు చాలా మేలు చేసిన ఇంకో పని: మూడు నెలలు డైరీ రాశాను. ఏ రోజు రొమ్ములు సలిపాయి, ఏ రోజు ఊరికే చిరాకు వచ్చింది, ఏ రోజు తేలికగా ఉంది. మూడు నెలలకు చూస్తే వరస కనిపించింది. అండాశయాలు ఉన్నాయి కనుక హార్మోన్లు ఎక్కుతూ దిగుతూనే ఉంటాయి. నాకు రక్తం రాదు, కానీ నా శరీరానికి నెల ఉంది. నువ్వు పుస్తకం చివర పెట్టిన దొంగ చుక్కల గురించి చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. ఈసారి నిజమైన చుక్కలు పెట్టి చూడు.

డైలేటర్‌ను మేజోడులోంచి తీసెయ్. శుభ్రత కోసమే కాదు. కడిగి, ఆరబెట్టి, మూత ఉన్న మంచి డబ్బాలో పెట్టు, నీకు నచ్చిన రంగుది. సమయం కూడా మార్చుకోవచ్చేమో అడుగు. నేను రాత్రి నుంచి ఉదయానికి మార్చుకున్నాను. రాత్రి అయితే ఆలోచనలన్నీ వరసకట్టి వచ్చేవి. ఉదయం కిటికీ తీసి, రేడియో పెట్టుకుని చేసేదాన్ని. ఏడుపు వచ్చిన రోజు ముందు ఏడవనిచ్చి, పది నిమిషాలాగి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ మొదలుపెట్టేదాన్ని. ఇవన్నీ నాకు ఒక ఫిజియోథెరపిస్టు నేర్పారు. కటి కండరాల మీద పని చేసేవారు ఉంటారని అప్పటిదాకా నాకు తెలియదు.

నువ్వు అడగలేదు, కానీ ఆ 20 నిమిషాల్లో ఈ ఆలోచన కూడా వస్తుందని నాకు తెలుసు: రేపు ఎవరికైనా ఎలా చెప్పాలి? నేను ఇద్దరికి చెప్పాను. మొదటి మనిషి విని, వారం తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. నెల రోజులు నేను మనిషిని కాలేకపోయాను, అబద్ధమెందుకు. రెండో మనిషికి 27వ ఏట చెప్పాను, నా మూడు వాక్యాలే, ఇంకోటి కలిపి: "ఆపరేషన్ జరిగింది, దాని గురించి ఏమైనా అడగవచ్చు." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడు నొప్పి ఉంటుందా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకే మేం తొమ్మిదేళ్లుగా కలిసి ఉన్నాం అనిపిస్తుంది. సుఖం గురించి భయం కూడా ఉంటే, తీసేసుకో. స్పర్శకు ప్రాణమైన క్లైటోరిస్ మనకు పుట్టుకతోనే అందరిలాగే ఉంది. ఆపరేషన్ దాన్ని ముట్టుకోదు.

ఆపరేషన్ ఇంకా జరగని అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. అమెరికాలోని ప్రసూతి, స్త్రీవ్యాధి వైద్యుల సంఘం 2018లో ఇచ్చిన సూచనల్లో, మొదట డైలేటర్లతోనే మెల్లగా దారి ఏర్పరచడానికి ప్రయత్నించాలని, శస్త్రచికిత్స తర్వాతి మాటని స్పష్టంగా ఉంది. చక్కగా నేర్పి, తోడుగా నిలిస్తే పది మందిలో తొమ్మిది మందికి పైగా అలాగే ఫలితం వస్తుంది. ఆ పద్ధతిని రాబర్ట్ ఫ్రాంక్ అనే డాక్టరు 1938లోనే వివరించారు. నాకు ఎవరూ ఆ దారి ఉందని కూడా చెప్పలేదు. తెలిశాక ఏడాది పాటు కోపంతో రగిలిపోయాను. చెల్లీ, నీకు ముందే చెప్పి ఉంటారో లేదో తెలియదు. చెప్పకపోయి ఉంటే, ఆ కోపం కూడా నీకు వస్తుంది. రానివ్వు. దాన్ని కూడా సైకాలజిస్టు గదిలోకి తీసుకెళ్లు.

జవాబు 2: వినేవారు

నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టును, స్త్రీల ఆరోగ్య విభాగంలో పని చేస్తాను. మిమ్మల్ని చూడకుండా మీకు ఏముందో నిర్ణయించడం సరికాదు, అందుకని నేను చూసిన తీరు మాత్రం రాస్తాను.

ఏమని మొదలుపెట్టాలని అడిగారు. పైన మీరు రాసినదాన్ని కాగితం మీద రాసుకుని వెళ్లి, "ఇది చదవండి" అని ఇచ్చేయండి. చదువుతున్నంతసేపు మీరు కిటికీలోంచి చూస్తూ కూర్చోవచ్చు. మాతో చాలామంది అలాగే మొదలుపెడతారు. ఎంఆర్‌కేహెచ్ ఆడపిల్లల్లో దాదాపు 4,500 నుంచి 5,000 మందిలో ఒకరికి ఉంటుంది కనుక, మీరు కలిసే సైకాలజిస్టుకు దాని గురించి తెలియకపోవచ్చు. తెలియకపోతే తప్పు లేదు. కానీ వారికి పాఠం చెప్పే భారం మీ మీద పడకూడదు. మీ గైనకాలజిస్టును ఒక పేజీ రాసిమ్మని అడగండి: మీ పరిస్థితి, జరిగిన ఆపరేషన్, మూత్రపిండాల స్కానింగ్ ఫలితం. ఎంఆర్‌కేహెచ్ ఉన్నవారిలో కొందరికి ఒకే మూత్రపిండం ఉంటుంది, వెన్నెముకలో తేడాలు ఉంటాయి, అందుకే ఆ ఫలితాలు కూడా కావాలి. ఆ కాగితం రేపు ఏ ఆసుపత్రికి వెళ్లినా పనికొస్తుంది, ప్రతి కొత్త డాక్టరుకూ మొదటి నుంచి చెప్పుకునే బాధ తప్పుతుంది.

మొదటి రోజు అడిగి తీరవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: "నేను చెప్పేది మా అమ్మానాన్నలకు చెబుతారా?" మీకు 21 ఏళ్లు. మీరు ఒప్పుకుంటే తప్ప చెప్పకూడదు. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు మాత్రం వేరు, అది కూడా ముందే మీకు చెప్పాలి. అమ్మను తీసుకెళ్లవలసి వస్తే సగం సమయం మీరొక్కరే ఉండేలా అడగండి.

పోగొట్టుకున్నట్టు ఎందుకుందన్నారు. ఎవరైనా పోతే నలుగురూ పరామర్శకు వస్తారు, మనం ఏడిస్తే పక్కన కూర్చుంటారు. మీకు 17 ఏళ్ల వయసులో ఒక డాక్టరు గదిలో, ఏనాడో జరుగుతుందనుకున్నవి కొన్ని ఒక్క పూటలో పోయాయి. పరామర్శకు ఎవరూ రాలేదు. పైగా ఇది బయటికి చెప్పకూడని విషయమన్నారు. ఏడవడానికి చోటు లేని దుఃఖం పని ఉన్నంతకాలం ఆగుతుంది. పని అయిపోయాక వస్తుంది. ఆపరేషన్ తర్వాతి నెలల్లో ఇలా మా దగ్గరికి వచ్చేవారిని నేను తరచుగా చూస్తాను. వారిలో ఎక్కువమంది మీలాగే ముందు అన్నీ తామే చూసుకున్నవారు.

కొందరు మెల్లగా, అడగలేక అడిగే ప్రశ్న ఒకటుంటుంది: "అసలు నేను ఆడదాన్నేనా?" మీ మనసులో అది ఉంటే, క్రోమోజోములు ఆడవారిలో ఉండే 46 ఎక్స్‌ఎక్స్ అనీ, అండాశయాలు ఉన్నాయనీ చెప్పవచ్చు. చెబుతాం కూడా. కానీ ఆ జవాబుతో ఆ ప్రశ్న పోకపోవడం నేను చూశాను. అది రిపోర్టుతో తేలే ప్రశ్న కాదు, పదే పదే మాట్లాడగా మాట్లాడగా పదును తగ్గే ప్రశ్న. ఎవరైనా మొదటి పూటే జవాబు చెప్పి ముగించేస్తే, అక్కడ ఆగిపోకండి.

మందుల కంటే ముందు నేను అడిగేది, మీలాంటి మరొకరితో ఎప్పుడైనా మాట్లాడారా అని. ఇందుకు ఆధారం ఉంది. నెదర్లాండ్స్‌లో ఎంఆర్‌కేహెచ్ ఉన్న స్త్రీలను బృందంగా కూర్చోబెట్టి నడిపిన కార్యక్రమం ఫలితాలు 2000లో వెలువడ్డాయి, పాల్గొన్నవారి మానసిక బాధ తగ్గింది. 2007లో బ్రిటన్ పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. కొందరికి వెంటనే బృంద చికిత్స ఇచ్చి, మిగిలినవారిని వేచి ఉండే జాబితాలో ఉంచి పోల్చారు. ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని అక్కడ వాడారు. అది పొందినవారికి ఎక్కువ ఊరట కలిగింది. పైన చెప్పిన 2018 సూచనలు కూడా కౌన్సెలింగు, ఇదే పరిస్థితి ఉన్న ఇతరులతో పరిచయం అందరికీ కల్పించమంటాయి. కాబట్టి "మీ దగ్గర చికిత్స పొందినవారిలో నాతో మాట్లాడటానికి ఇష్టపడేవారు ఉన్నారా?" అని మీ ఆసుపత్రిలో అడగడం మీ హక్కు అనుకోండి. వారి అనుమతి తీసుకుని కలపగలరు.

ఏడుపు వేరు, డిప్రెషన్ వేరు. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి చెడి, ఇదివరకు ఇష్టమైనవేవీ రుచించకుండా ఉంటే డాక్టరుతో చెప్పండి, దానికి చికిత్స ఉంది. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ వరకు ఆగకండి. ఆ పూటే దగ్గరివారికి చెప్పి, అత్యవసర విభాగానికి వెళ్లండి. మీరు రాసినదాంట్లో అది నాకు కనిపించలేదు, కానీ అడగకుండా వదలలేను. ఉందా? ఇక్కడ జవాబు చెప్పనక్కరలేదు, మీకు మీరు చెప్పుకుంటే చాలు.

జవాబు 3: అమ్మనే

తల్లీ, నేను మీ అమ్మ వైపు నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి ఇప్పుడు 24 ఏళ్లు. మూడేళ్ల కిందట ఆపరేషన్ జరిగింది.

నేను కూడా రోజూ "అయిందా?" అనే అడిగేదాన్ని. తలుపు బయట నిలబడి మరీ అడిగేదాన్ని. అది ప్రేమే అనుకున్నాను. ఒకరోజు అది తలుపు తీసి "నా ఒంట్లో నీకు ఆ నాలుగు అంగుళాలు తప్ప ఇంకేమీ కనిపించదా?" అని అరిచింది. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రంతా ఆలోచించాను. దానికి 16 ఏళ్లప్పుడు స్కానింగ్ గది బయట డాక్టరు మాకు విషయం చెప్పినప్పటి నుంచి నేను దాని ముఖం చూసి "నీకెలా ఉంది?" అని ఒక్కసారైనా అడిగానా? అడగలేదు. అడిగితే అది ఏడుస్తుందని భయం. అది ఏడిస్తే నేను తట్టుకోలేనని భయం. ఏం చేయాలో డాక్టర్లు చెబుతారు కనుక, చేశావా అని అడగడం సులువు.

మీ అమ్మకు కూడా ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. మాలాంటి తల్లులు నేరం చేసినవాళ్లలా తిరుగుతాం. నువ్వు 6 రోజులు ఆపావని తెలిస్తే కోప్పడుతుందేమో, ముందే ఆ సంగతి చెప్పనక్కరలేదు. "అమ్మా, అయిందా అని అడగకు, నా పక్కన కాసేపు కూర్చో" అని చెప్పి చూడు. నాకు అలా చెప్పి ఉంటే బాగుండేది. అరిస్తే గాని నాకు వినిపించలేదు.

జవాబు 4: మూడో మెట్టు

ఒక్క విషయమే రాస్తాను. నీకు బాధగా ఉందని చెప్పగానే చాలామంది పిల్లల గురించి ఓదార్చడం మొదలుపెడతారు. "దత్తత తీసుకోవచ్చు కదా" అంటారు. నాకు 17 ఏళ్లున్నప్పుడు, విషయం తెలిసిన పావు గంటకే ఒక బంధువు ఆ మాట అంది. నేను అప్పటికి పిల్లల గురించి ఆలోచించనే లేదు. నా బాధ ఏమిటో వినకుండానే దానికి మందు రాసేశారు.

దారులు ఉన్నాయి. మన అండాలు మనవే, కనుక చట్టం ఒప్పుకునే చోట సరోగసీతో సొంత బిడ్డను కనేవారున్నారు. స్వీడన్‌లో మాట్స్ బ్రాన్‌స్ట్రోమ్ బృందం గర్భసంచి మార్పిడి చేసిన ఒక స్త్రీకి 2014లో బిడ్డ పుట్టాడు. ఆ తల్లికి ఉన్నదీ మన ఎంఆర్‌కేహెచ్చే. ఇవన్నీ నీకు ఎప్పుడు కావాలనిపిస్తే అప్పుడు చదువుకో, ఎప్పటికీ కావాలనిపించకపోయినా సరే. ఎవరైనా తొందరపడి దత్తత గురించి మొదలుపెడితే "ఇప్పుడు దాని గురించి కాదు" అనెయ్. నాకు 29 ఏళ్లు వచ్చేదాకా ఆ మాట అనవచ్చని తెలియలేదు.

తెల్లకాగితం (5 రోజుల తర్వాత)

అందరి జవాబులూ చాలాసార్లు చదివాను.

మరునాడే ఫోను చేశాను. ఎత్తినావిడకు అక్క చెప్పిన వాక్యమే చెప్పాను. ఆమె "సరే, ఈ రోజు రాగలరా?" అన్నారు, అంతే. వెళ్లాను. కొంచెం బిగిసిందట, మూసుకుపోలేదట. చిన్న సైజు ఇచ్చారు. ఉదయం పూట చేయవచ్చా అని అడిగితే నిరభ్యంతరంగా చేయమన్నారు. మూడు రోజులుగా చేస్తున్నాను. నిన్న మధ్యలో ఏడుపు వచ్చింది, తీసేసి, ఏడ్చి, మళ్లీ మొదలుపెట్టాను. మేజోడు పారేశాను. అలారం పేరు ఇంకా మార్చలేదు, ఏమని పెట్టాలో తెలియడం లేదు.

వినేవారు గారూ, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు: లేదు. నన్ను అడిగినందుకు కృతజ్ఞతలు. ఆపరేషన్‌కు ముందు డైలేటర్లతో ప్రయత్నించవచ్చని నాకు కూడా ఎవరూ చెప్పలేదు. అది చదివిన రోజు చాలా కోపం వచ్చింది. వచ్చే మంగళవారం సైకాలజిస్టును కలుస్తున్నాను, ఆ కోపం గురించి కూడా రాసుకున్నాను. ఒక పేజీ అనుకున్నది నాలుగు పేజీలైంది.

నా వాక్యాలు రెండే వచ్చాయి ఇప్పటికి. "నేను గర్భసంచి లేకుండా పుట్టాను. ఆరేళ్లు అబద్ధం చెప్పి అలసిపోయాను." మొదటిది స్నేహితురాలికి చెప్పాలనుకున్నాను, ఇంకా చెప్పలేదు.

అక్కా, ఒకటి అడగాలి. ఇక్కడ రాసినవన్నీ అమ్మకు చూపించాలని ఉంది. చూపిస్తే నేను ఆరు రోజులు అబద్ధం చెప్పానని తెలిసిపోతుంది. చూపించనా?

నది ఒడ్డు

మంగళవారం అయ్యాక చూపించు, ముందు కాదు. అమ్మ ఏడిస్తే ఓదార్చే పని కూడా నీ మీదే పడుతుంది, ఈ వారం నీకు ఆ ఓపిక ఉండదు. అంతవరకు ఆగలేకపోతే "అమ్మనే" గారు రాసినది ఒక్కటే కాగితం మీద ఎక్కించి ఇవ్వు. నీ అబద్ధం గురించి ఆమె రాసిన ముక్క అందులో ఉంటుంది, ఉండనీ. అది చదివి మీ అమ్మ ముందుగా ఏం అడుగుతుందో నాకు రాయి.

అలారానికి నేను పేరే పెట్టలేదు. సమయం మాత్రం ఉంచాను.